చీటీ వెనకవైపు

మా ఆసుపత్రి వసారాకు ఆ చివర స్కానింగు గది, ఈ చివర నా గది. మధ్యలో నలభై అడుగులుంటుంది. మూడేళ్ళలో నేను ఆ నలభై అడుగులూ నడిచింది ఎన్నిసార్లో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఎవరైనా అడిగితే పని ఒత్తిడి అనేదాన్ని. అసలు సంగతి కడుపుమంట.

నేను పాథాలజిస్టుని. ఒంట్లో ఎక్కడైనా ఉండకూడని గడ్డ పెరిగితే, సూదితో కాస్త తీసి, గాజు పలక మీద పూసి, రంగులద్ది, మైక్రోస్కోపులో చూసి అది మంచిదో చెడ్డదో రాసేది నేను. స్కానింగు గదిలో ఉండే ఆవిడ రేడియాలజిస్టు, మూడేళ్ళ కిందట వచ్చింది. నాకంటే ఎనిమిదేళ్ళు చిన్న. ఈ అరకు కొండల్లోనే పుట్టింది. వాళ్ళ నాన్నకు కాఫీ తోట ఉంది. వచ్చే రోగుల భాష ఆవిడకు ఉగ్గుపాలతో వచ్చింది. నేను విజయనగరం నుంచి వచ్చినదాన్ని, సంతలో బేరమాడడానికి సరిపడా నాలుగు ముక్కలు తప్ప ఆ భాష నాకు పట్టుబడలేదు.

ఆవిడ స్కాను చేస్తూ తెరను రోగి వైపు తిప్పుతుంది. ఇదిగో ఇది నీ కాలేయం, ఇది నీ గుండె, ఎలా కొట్టుకుంటోందో చూడు అంటుంది. అడవి దాటి రానివాళ్ళు తమ గుండెను తాము చూసుకుని నోరు తెరుస్తారు. నా మైక్రోస్కోపులోకి తొంగి చూస్తానన్న రోగి ఇంతవరకూ ఒక్కడూ లేడు. కొండ ఊళ్ళలో ఆవిడ పేరు తెర డాక్టరమ్మ. నన్ను నెత్తురు గది అమ్మ అంటారని మా ల్యాబు టెక్నీషియను చెప్పాడు. చెప్పి నవ్వాడు కూడా.

ఆవిడ బల్ల మీద రోగులు తెచ్చిచ్చినది ఎప్పుడూ ఏదో ఒకటి ఉండేది. అడ్డాకులో చుట్టిన పిప్పళ్ళు, సీసాడు తేనె, అనాసకాయలు. అందులో సగం నా గదికి పంపించేది. దాంతో నాకు ఇంకా మండేది. మా టెక్నీషియను పాచిపెంట వైపు మనిషి, రిటైర్మెంటుకు దగ్గరపడ్డవాడు, నా మొహం చూసి నా లోపలి సంగతి చదివేసేవాడు.

"అనాసకాయ కోత్తన్నాను మేడమ్. తింతారా, లేపోతే ఆయమ్మ పంపిందని మానేత్తారా?"

"నాకొద్దు."

ఆయన బయటికి వెళ్ళాక రెండు ముక్కలు తిన్నాను. తియ్యగా ఉంది. అందుకూ కోపమొచ్చింది.

ఒకసారి ఒక రైతు వచ్చాడు. మోకాలి కింద ఎముక వాచి ఉంది. ఎక్స్‌రేలో ఎముక అంచు పొరలు పొరలుగా లేచి కనబడితే అందరూ ఎముక క్యాన్సరనే భయపడ్డారు, ఆవిడతో సహా. ముక్క నా దగ్గరికొచ్చింది. చూస్తే క్యాన్సరూ లేదు, ఏమీ లేదు. పెద్ద పెద్ద కణాలు ఒక చెట్టు పీచును చుట్టుముట్టి కూర్చున్నాయి. ఎప్పుడో విరిగి లోపల ఉండిపోయిన ముల్లు అది. ఆ మనిషి కాలు నిలబెట్టిన రిపోర్టు నాది. దాన్ని ఆయనకు వాళ్ళ భాషలో చదివి చెప్పింది ఆవిడ. పది రోజుల తర్వాత ఆయన ఒక పెట్టను చంకలో పెట్టుకుని వచ్చి, నా గుమ్మం ముందునుంచే నడుచుకుంటూ వెళ్ళి ఆవిడకిచ్చాడు. రిపోర్టు నాది, కోడి ఆవిడది. ఆ కోడి అరుపు నాకు చాలా రోజులు వినబడింది.

ఆవిడకు ఇంకో అలవాటుంది. స్లయిడుతో పాటు పంపే చీటీ మీద పురాణం రాస్తుంది. ముందువైపు స్కానులో కనబడింది, వెనకవైపు ఆ మనిషి ఊరు, చేసే పని, పాత జబ్బులు, అన్నీ. మొదట్లో రెండు వైపులా చదివేదాన్ని. తర్వాత, రోగులతో గంటల తరబడి కబుర్లాడినట్టు నాకు చూపించుకోవడానికే ఇదంతా రాస్తోందనిపించి, తిప్పి చూడడం మానేశాను.

మా వృత్తిలో ఒక పద్ధతి ఉంది. స్లయిడు చదివే ముందు మనిషిని చూడాలి. ఇదివరకు సూది నేనే వేసేదాన్ని, కాబట్టి చూసేదాన్ని. ఆవిడ వచ్చాక స్కానులో చూస్తూ సూది వెయ్యడం మొదలుపెట్టింది. అలా వేస్తే గురి తప్పదు, నిజమే. స్లయిడ్లు ట్రేలో నా బల్ల మీదికి వచ్చేవి. మనిషిని చూడాలంటే నేను ఆ గదికి వెళ్ళాలి. వెళ్ళేదాన్ని కాదు.

పోయిన చలికాలంలో ఒక పొద్దున వచ్చిన ట్రేలో ఆ స్లయిడుంది. ముప్పై ఏళ్ళ మనిషి, కాఫీ తోటలో పళ్ళు కోస్తుంది. కుడి చంకలో గడ్డ. ముందువైపు ఆవిడ రాసింది ఇది: "చంకలోని లింఫు గ్రంథి పెరిగింది. మధ్యలో ఉండాల్సిన కొవ్వు చెదరలేదు, ఆకారం మారలేదు. ఇన్ఫెక్షను వల్ల పెరిగినదే అనిపిస్తోంది."

నేను కన్ను ఆనించాను. ఊదారంగు కణాల మధ్య అక్కడక్కడా లావుపాటి కణాలు, వాటి కడుపుల నిండా నల్లని గింజలు. లింఫు గ్రంథిలో నలుపు కనబడితే మాకు మొదట గుర్తొచ్చేది మెలనోమా. చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టి, గ్రంథుల్లోకి పాకే క్యాన్సరు.

అప్పుడు నాకేమనిపించిందో ఉన్నదున్నట్టు రాయాలి. సంతోషం వేసింది. ముందు ఆ మనిషి గుర్తుకు రాలేదు. తెర డాక్టరమ్మ తెర మీద కనబడనిది నా గాజు పలక మీద దొరికిందన్నదే ముందు గుర్తుకొచ్చింది.

ఒక్క అనుమానం మాత్రం లేకపోలేదు. ఆ కణాల కేంద్రకాలు చిన్నగా, నెమ్మదిగా ఉన్నాయి. క్యాన్సరు కణాలకుండే పిచ్చి చూపు వాటికి లేదు. నలుపు కప్పేసి సరిగ్గా కనబడడం లేదులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు కదా. మెలనోమా అనుమానం బలంగా ఉంది, వెంటనే పట్నం పెద్దాసుపత్రికి పంపాలి అని రాసి సంతకం చేశాను. సంతకం రోజూ కంటే పెద్దదిగా వచ్చింది.

వాళ్ళు రిపోర్టు తీసుకున్న రోజు మధ్యాహ్నం నా కిటికీ దగ్గరికి ఒక పెద్దావిడ వచ్చింది. ఆ మనిషి అత్తగారు. సంతల్లో తిరిగిన మనిషి కాబట్టి తెలుగు వచ్చు.

"అమ్మా, సెడ్డ గడ్డంట గదా. నర్సమ్మ సెప్పింది. మా కోడలు గుంటకి పాలిత్తంది. అయిదో నెల దానికి. ఇయ్యొచ్చా?"

"తెర డాక్టరమ్మను అడగలేకపోయావా?" అన్నాను. ఆ మాటలో పుల్లవిరుపు ఆవిడకు తెలిసి ఉండదు.

"ఆయమ్మ మీటింగుకెల్లిందంట. అయినా గడ్డని సూసింది నువ్వేనంట గదా. నీకే తెలుత్తాది."

నువ్వేనంట గదా. మూడేళ్ళలో ఒక్కరూ నాతో అనని మాట. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది నేను కాదు. పిల్లల డాక్టరుండగా, పట్నంలో చూపించుకున్నాక అడగమనుంటే సరిపోయేది. కానీ నా కిటికీ దగ్గరికి వచ్చి నన్ను అడిగిన మనిషిని ఇంకొకరి దగ్గరికి పంపడానికి నాకు మనసు రాలేదు.

"ఆపెయ్యండి," అన్నాను. "ముందు బేగి పట్నం తీసుకెళ్ళండి."

"ఆపీమంతావా?"

"ఆపెయ్యమంటున్నాను."

ఆవిడ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టి వెళ్ళింది.

మర్నాడు రేడియాలజిస్టే నా గదికి వచ్చింది. రిపోర్టు చూసి వచ్చానని చెప్పి, ఒకసారి స్లయిడు చూడనిస్తారా అని అడిగింది. చూసింది. చాలాసేపు చూసింది.

"మేడమ్, కణాలు నెమ్మదిగానే ఉన్నట్టున్నాయి కదా. ఒకసారి బ్లీచ్ చేసి చూస్తే?"

బ్లీచ్ అంటే పెద్ద విద్యేమీ కాదు. స్లయిడును మందునీళ్ళలో ఉంచితే, శరీరం తయారుచేసుకున్న నలుపైతే వెలిసిపోతుంది. బయటినుంచి వచ్చిన నలుపైతే అలాగే ఉంటుంది. అరగంట పని. ఆ మాట నాకే తట్టాల్సింది. ఆవిడకు తట్టిందన్న ఒక్క కారణంతో స్లయిడును మందులో వెయ్యలేదు.

"స్కాను నీది, స్లయిడు నాది. ఎవరి పని వాళ్ళం చేసుకుందామమ్మా," అన్నాను.

"అది కాదు మేడమ్, నేను చీటీలో రాశాను..."

"చదివాను."

ముందువైపు చదివానుగా, అబద్ధం కాదులే అనుకున్నాను. ఆవిడ నా మొహంలోకి ఒక్క క్షణం చూసింది. చీటీలో ఉన్నదంతా బేరీజు వేసుకునే నేను ఆ రిపోర్టు రాశాననుకుని ఉంటుంది. "అలాగే మేడమ్," అని వెళ్ళిపోయింది. ఆ రోజు సాయంత్రం ఇంట్లో చేపల పులుసు వండుకున్నాను. పండగలాగే ఉంది నాకు.

పది రోజుల తర్వాత డుంబ్రిగుడ సంతకు వెళ్ళాను. రాజ్మా గింజలు కొందామని ఒక ముసలమ్మ గోనె ముందు కూర్చున్నాను. ఆవిడ గింజలు కొలిచి నా సంచిలో పోస్తోంది. మణికట్టు నుంచి మోచేతి దాకా నల్లని చుక్కలు, గీతలు, వరసలు వరసలుగా ఉన్నాయి. అలాంటి చేతులు నేను రోజూ చూస్తూనే ఉన్నాను. ఆ పూట మాత్రం నా చెయ్యి సంచి మీదే ఆగిపోయింది.

"ఏటిది?" అన్నాను.

"పచ్చబొట్టమ్మా. సిన్నప్పుడు మా అవ్వ పొడిపించింది. దీపం మసి, ఆకు పసరు కలిపి."

"ఇప్పటి వాళ్ళూ పొడిపించుకుంటారా?"

"అందరూ కాదులే. మా ఊళ్ళో ఇంకా ఉన్నారు. సచ్చినాక మనతోటి వొచ్చీది ఇదొక్కటే గదమ్మా. మిగిలినయన్నీ లాక్కుంతారు."

ఆవిడ నవ్వుతోంది. చర్మంలోకి పొడిచిన మసి అక్కడే ఉండిపోదు. కొంత ఏళ్ళ తరబడి మెల్లగా ప్రయాణం చేసి దగ్గరి లింఫు గ్రంథిలో చేరుతుంది. చేతికి దగ్గరి గ్రంథులు చంకలోవే. చదువుకునే రోజుల్లో వైవాలో ఈ ప్రశ్న నన్నడిగారు కూడా, చెప్పాను, మెచ్చుకున్నారు. గింజల సంచి అక్కడే వదిలేసి జీపెక్కాను.

ల్యాబులో పాత చీటీల కట్ట విప్పి ఆ చీటీ తీశాను. తిప్పాను. వెనకవైపు గుండ్రటి అక్షరాలతో నాలుగు ముక్కలున్నాయి. రెండు చేతులకూ మోచేతి దాకా పచ్చబొట్లు, చిన్నప్పటివి. నెలన్నర కిందట కుడి రొమ్ము వాచి జ్వరం వచ్చింది, తగ్గింది. బిడ్డకు పాలిస్తోంది. ఒంటి మీద నల్లమచ్చల్లో మార్పు ఏదీ కనబడలేదు. గడ్డ ఎందుకు పెరిగిందో, నలుపు ఎక్కడిదో, నాకు కావలసినదంతా నా చేతి కింద, కాగితానికి అవతలి వైపున ఉంది.

పాత పెట్టెలోంచి ఒక పుట్టుమచ్చ స్లయిడు తీశాను, తేడా తెలియడానికి. రెండింటినీ మందులో వేశాను. టెక్నీషియను వచ్చి పక్కన నిలబడ్డాడు. అరగంటలో నేను నాలుగుసార్లు గడియారం చూశాను. తీసి కడిగి చూస్తే పుట్టుమచ్చలో నలుపు పూర్తిగా పోయి తెల్లబడింది. ఆ తల్లి స్లయిడులో ఒక్క గింజ కూడా కదల్లేదు.

"మసి ఎక్కడికి పోద్ది మేడమ్," అన్నాడాయన. "ఆ పిల్ల సేతుల్నిండా పచ్చబొట్లే గదా, ట్రే తెచ్చినప్పుడు నేను సూసినాను. అడిగితే సెప్పీవోణ్ణి."

నేను ఎవర్నీ అడగలేదు.

వసారా చివరి దాకా నడిచాను. ఆవిడ గదిలో రోగులెవరూ లేరు, టీ తాగుతోంది. నన్ను చూసి లేచి నిలబడింది.

"నలుపు పోలేదు. అది మసి," అన్నాను.

ఆవిడ కళ్ళు మూసుకుని ఊపిరి వదిలింది. గెలిచిన నవ్వు కోసం వెతికాను, లేదు. "మంచిదైంది మేడమ్. వాళ్ళింకా పట్నం వెళ్ళలేదట. తోడు వచ్చే మనిషి కుదరలేదని ఆశా కార్యకర్త నిన్ననే ఫోను చేసింది."

"పాలు ఆపెయ్యమని చెప్పాను," అన్నాను.

"ఎవరు?"

"నేనే. పదకొండు రోజులైంది."

ఆవిడ టీ గ్లాసు బల్ల మీద పెట్టింది. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టిన మనిషిని నేను మళ్ళీ హాయిగా ద్వేషించుకోగలిగేదాన్ని. ఆవిడ ఆ అవకాశం కూడా ఇవ్వలేదని, అంత సిగ్గులోనూ నాకు కాస్త ఉక్రోషం వచ్చింది. ఇది నా బుద్ధి.

"పొద్దున్నే వెళ్దాం," అంది.

జీపు వెళ్ళే దాకా జీపులో, ఆ తర్వాత కాఫీ తోటల మధ్య కాలిబాటన నడిచాం. మిరియం తీగలు పాకిన చెట్ల కింద ఆవిడ చెప్పులు చేత్తో పట్టుకుని చకచకా ఎక్కుతోంది. నేను ఆయాసపడుతూ వెనకపడ్డాను. దానికీ ఈర్ష్యే.

పది పన్నెండిళ్ళ ఊరు. ఆ తల్లి వాకిట్లో పరిచిన కాఫీ పళ్ళను చేత్తో కలబెడుతోంది. రొమ్ముల మీద చీర కొంగు కాక ఇంకో గుడ్డ బిగించి కట్టి ఉంది. పాలు ఇంకిపోవడానికి అలా కడతారు. ఎదురుగా అరుగు మీద ఇంకొక మనిషి పసిపిల్లకు పాలిస్తోంది. ఆమె తోటికోడలు. తన ఏడాది పిల్లాడు పక్కన ఆడుకుంటున్నాడు.

రేడియాలజిస్టు వాళ్ళ ముందు కింద కూర్చుని వాళ్ళ భాషలో చెప్పడం మొదలుపెట్టింది. తల్లి చెయ్యి పట్టుకుని పచ్చబొట్టు గీతల మీద వేలు పెట్టి చూపించింది, చంక చూపించింది. మధ్యలో నావైపు వేలు చాపింది. అత్తగారు ఒక్కసారి లేచి వచ్చి నా కాళ్ళకు దణ్ణం పెట్టింది.

"ఏం చెప్పావు?" అన్నాను.

"జబ్బు లేదని చెప్పాను మేడమ్. మీరు మళ్ళీ పరీక్ష చేసి కనిపెట్టారన్నాను."

అబద్ధం కాదు. నేను చదివానన్న చీటీలాగే, ముందువైపు మాత్రమే. ఇన్నేళ్ళుగా నేను కోరుకున్న దణ్ణం అది. పాదాల మీద ఆ ముసలి చేతులు ఉన్నంతసేపూ నోరు మెదపకుండా తీసుకున్నాను.

రేడియాలజిస్టు గుడ్డ విప్పించి పిల్లను తల్లి ఒడిలో పెట్టించింది. మళ్ళీ మళ్ళీ పట్టిస్తే కొన్నాళ్ళకు పాలు తిరిగి రావచ్చని చెప్పింది. పిల్ల రెండుసార్లు నోరు పెట్టి, ఏమీ రాక, గుక్కపట్టి ఏడ్చింది. వెన్ను విల్లులా వంచి అరుగు వైపు చేతులు చాపింది. తోటికోడలు లేవబోయి, మళ్ళీ కూర్చుంది. ఏడుపు ఆగలేదు. ఆఖరికి అత్తగారే పిల్లను తీసి ఆమెకిచ్చింది. పిల్ల వెంటనే ఊరుకుంది. తాగుతూ మధ్యలో నోరు వదిలి ఆమె మొహంలోకి చూసి నవ్వింది.

తల్లి అటే చూస్తూ ఏదో అంది. తల తిప్పకుండానే, మెల్లగా, చాలాసేపు.

"ఏమంటోంది?" అని రేడియాలజిస్టును అడిగాను.

"వదిలెయ్యండి మేడమ్."

"చెప్పు."

"తోటికోడలు పాలిచ్చి పిల్లను బతికించిందట. అయినా ఆమెను చూస్తే కడుపు రగిలిపోతోందట. ఆమె వండిన కూడు గొంతు దిగడం లేదట. పిల్ల ఆమె దగ్గర నవ్వినప్పుడల్లా ఆమె చచ్చిపోతే బాగుండుననిపిస్తోందట. ఇదివరకెప్పుడూ తను ఇలాంటి మనిషి కాదట." ఆవిడ ఆగింది. "ఇది కూడా ఆ గడ్డ వల్లేనా అని అడుగుతోంది."

ఆ తల్లి ఇప్పుడు నావైపు తిరిగి చూస్తోంది. గడ్డను చూసింది నేను కదా, నాకు తెలుసుననుకుంటోంది.

"కాదని చెప్పు," అన్నాను. "గడ్డ వల్ల కాదు, నావల్ల అని చెప్పు. నేను చూడకుండా రాశాను, తెలియకుండా పాలు ఆపమన్నాను. అలా చెప్పు."

రేడియాలజిస్టు తల వంచుకుని కూర్చుంది. నన్ను కాపాడదామనుకుందో, ఆ మాటలు ఆవిడ నోటికి రాలేదో తెలియదు.

నేను కాఫీ పళ్ళు పక్కకు జరిపి ఆ తల్లి ఎదురుగా నేల మీద కూర్చున్నాను. నాకు వచ్చిన ఆ నాలుగు సంత ముక్కల్లో, తప్పు, నాది, అనే మాటల కోసం వెతుక్కున్నాను. ఒక్కటీ లేదు. తెలుగులోనే, నా గుండె మీద చెయ్యి వేసుకుని, మొదటినుంచీ చెప్పాను.